బ్రెస్ట్ క్యాన్సర్ సపోర్ట్ గ్రూప్: ఏడవడానికి కూడా పర్మిషన్ కావాలా?

"కాస్త తేరుకున్నాక వస్తాను మేడమ్. ఇప్పుడొస్తే ఏడ్చేస్తాను, నన్ను చూసి మిగతావాళ్లు డీలా పడిపోతారు." క్యాన్సర్ పేషెంట్లకు కౌన్సెలింగ్ చేస్తూ గ్రూప్ నడిపే నాకు ఈ మాట వినపడని నెల ఉండదు. ఈ మధ్య మరీ ఎక్కువైంది కాబట్టి రాస్తున్నాను.

అపోహ: పాజిటివ్‌గా ఉంటే జబ్బు తగ్గుతుంది. గ్రూప్ అంటే ఆ పాజిటివ్ ఆలోచనలు నేర్పే చోటు. ఏడుపులు, భయాలు అక్కడికి తేకూడదు.

వాస్తవం: ఇది నిజం కాదు. గ్రూప్ గురించి ఉన్న మిగతా అపోహలన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు.

ఈ నమ్మకానికి ఊతమిచ్చిన అధ్యయనం ఒకటుంది. 1989లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో అమెరికా సైకియాట్రిస్ట్ డేవిడ్ స్పీగెల్ బృందం ప్రచురించింది. ఒంట్లో ఇతర భాగాలకు పాకిన రొమ్ము క్యాన్సర్ ఉన్న 86 మంది మహిళల్లో, ఏడాదిపాటు వారం వారం గ్రూపులో కూర్చున్నవాళ్లు సగటున 36.6 నెలలు బతికితే, మిగతావాళ్లు 18.9 నెలలు బతికారు. ఇంకేముంది, "మనసు బాగుంటే క్యాన్సర్ ఓడిపోతుంది" అని ప్రచారం మొదలైంది. ఆ గ్రూపుల్లో ఏం జరిగిందో మాత్రం ఎవరూ చెప్పరు. అక్కడ ఎవరికీ నవ్వడం నేర్పలేదు. చావంటే భయం, పిల్లలేమవుతారన్న దిగులు, డాక్టర్ల మీద కోపం, అన్నీ బయటపెట్టి మాట్లాడుకున్నారు. ఇక్కడికొస్తే ఎక్కువ కాలం బతుకుతారని వాళ్లకెవరూ ఆశ కూడా పెట్టలేదు.

తర్వాత ఏమైందో కూడా వినండి. 2001లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో పమేలా గుడ్విన్ బృందం 235 మంది మీద ఇదే పద్ధతిని పరీక్షించింది. ఆయుష్షులో తేడా రాలేదు. స్పీగెల్ తనే మళ్లీ చేసి 2007లో ప్రచురించిన అధ్యయనంలోనూ మొత్తంగా చూస్తే తేడా కనిపించలేదు. కాబట్టి గ్రూప్ ఆయుష్షు పెంచే మందు కాదు. అలాగని దండగా కాదు. 2001 అధ్యయనంలోనే గ్రూపులో ఉన్నవాళ్లకు మానసిక వేదన తగ్గింది, నొప్పి కూడా తక్కువగా అనిపించింది. అదీ ఎవరికి? మొదట్లో బాగా కుంగిపోయి ఉన్నవాళ్లకి. తేరుకున్నాక వస్తామనేవాళ్లు దీన్ని రెండుసార్లు చదవండి.

ఇది పుస్తకాల్లో గొడవ అయితే నేనింత విసుక్కోను. ట్రీట్‌మెంట్ అయిపోయి, జుట్టు వచ్చి, ఉద్యోగంలో చేరిన ఒకావిడకి క్యాన్సర్ తిరగబెట్టి ఎముకలకు పాకింది. నా దగ్గర కూర్చుని ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న: "నేను లోపల్లోపల భయపడుతూనే ఉన్నాను మేడమ్, అందుకే వచ్చిందా?" ఎముక నొప్పి చాలదన్నట్టు దాని మీద ఈ నేరభావం. భయపడితే క్యాన్సర్ తిరగబెట్టదమ్మా. ఎంత మంచి ట్రీట్‌మెంట్ చేసినా కంటికీ స్కాన్‌కీ దొరకని కణాలు కొన్ని ఎక్కడో మిగిలిపోవచ్చు. అవి ఎప్పుడో మళ్లీ పెరగొచ్చు. అందులో మీ నవ్వుకీ ఏడుపుకీ చోటు లేదు. ఈ పాజిటివ్ పాఠాలు చెప్పే చుట్టాలు ఆ రోజు కనిపిస్తే బాగుండును.

ఇంకో నష్టం ఉంది, అది పైకి కనిపించదు. ధైర్యవంతురాలు అనిపించుకున్నవాళ్లు డాక్టర్ దగ్గర కూడా "బాగానే ఉంది" అంటారు. మా గ్రూపులో అందరినీ నవ్వించే ఒకమ్మాయి పాక్లిటాక్సెల్ అనే కీమో మందు ఎక్కించుకుంటోంది. ఒకరోజు పక్కనున్న పెద్దావిడ, వేళ్లు మొద్దుబారి జాకెట్టు హుక్స్ పెట్టుకోలేకపోతున్నానని ఏడ్చింది. అప్పుడు ఈ పిల్ల మెల్లగా చెయ్యెత్తి, "నాక్కూడా పిన్నీ, కాళ్లు కూడా" అంది. అప్పటిదాకా ఇంట్లో చెప్పలేదు, ఆంకాలజిస్ట్‌కీ చెప్పలేదు. చెప్పాక ఆయన డోసు తగ్గించారు. ఈ తిమ్మిర్లు ముదిరితే మందు ఆపాక కూడా చాలాకాలం వదలవు. ఆ రోజు పెద్దావిడ ఏడుపు దిగమింగుకుని ఉంటే ఈ అమ్మాయి సంగతి ఎవరికి తెలిసేది?

మిగతావి గబగబా చెప్పేస్తాను.

"ఫలానా ఆవిడ టామాక్సిఫెన్ ఆపేసింది, బాగానే ఉంది, నేనూ ఆపేస్తా." ఆవిడ రిపోర్టు వేరు, మీ రిపోర్టు వేరు. టామాక్సిఫెన్ అంటే ఈస్ట్రోజెన్ హార్మోన్ క్యాన్సర్ కణాల మీద పనిచేయకుండా అడ్డుకునే మాత్ర. హార్మోన్ రిసెప్టర్ పాజిటివ్ (హార్మోన్ల ఊతంతో పెరిగే రకం) ఉన్నవాళ్లకి ఆ మాత్ర ఐదేళ్లు, ఒక్కోసారి పదేళ్లు. ఆ హార్మోన్ రిసెప్టర్లు లేని ట్రిపుల్ నెగెటివ్ రకం వాళ్లకి అది ఇవ్వనే ఇవ్వరు. గ్రూపులో అనుభవం పంచుకోండి, ప్రిస్క్రిప్షన్ కాదు.

"ఇంట్లో అందరూ ఉన్నారు, గ్రూప్ ఎందుకు?" ఇది పూర్తిగా అపోహ కాదు. ఇంట్లో నిజంగా మంచి అండ ఉన్నవాళ్లకి ఊరికే కబుర్ల గ్రూప్ వల్ల లాభం లేకపోగా కొంచెం చెడు కూడా జరగొచ్చని సైకాలజిస్ట్ విక్కీ హెల్గెసన్ అధ్యయనాల్లో తేలింది. సమాచారం చెప్పే సెషన్లు మాత్రం పనికొచ్చాయి. కాబట్టి అందరూ రావాలని నేననను. కానీ ప్రొస్థెసిస్ (తీసేసిన రొమ్ము స్థానంలో పెట్టుకునేది) ఎంత బరువుండాలి, చెయ్యి వాస్తే స్లీవ్ (చేతికి బిగుతుగా వేసుకునే తొడుగు) ఎప్పుడు వేసుకోవాలి, భర్త ముందు బట్టలు మార్చుకోవడం ఎలా అనే ప్రశ్నలు ఇంట్లో ఎవరిని అడుగుతారు? 1950ల్లో అమెరికాలో టెరీస్ లాసర్ తన రొమ్ము ఆపరేషన్ తర్వాత రీచ్ టు రికవరీ అనే సహాయ కార్యక్రమం మొదలుపెట్టింది ఇలాంటి ప్రశ్నలకు జవాబు చెప్పేవాళ్లు లేకే.

"వెళ్తే మాట్లాడాల్సిందే." అక్కర్లేదు. విని వెళ్లిపోవచ్చు.

"అందరిదీ ఒకే జబ్బు, ఒకే గ్రూప్ చాలు." వీలైతే స్టేజ్ ఫోర్ (ఒంట్లో ఇతర భాగాలకు పాకిన దశ) వాళ్లకి వేరే గ్రూప్ ఉండాలి. జబ్బు ఉందని కొత్తగా తెలిసినవాళ్లు వాళ్ల మాటలకి బెదిరిపోతారు. వాళ్లేమో వీళ్లని బెదరగొట్టకూడదని నోరు మూసుకుంటారు.

"గ్రూప్ ఉంది కదా, సైకియాట్రిస్ట్ ఎందుకు?" వారాల తరబడి నిద్ర లేకపోయినా, దేని మీదా ఆసక్తి లేకపోయినా గ్రూప్ ఒక్కటే సరిపోదు. చనిపోవాలన్న ఆలోచన వస్తుంటే మీటింగ్ దాకా ఆగొద్దు, ఆ రోజే డాక్టర్ని కలవండి. డిప్రెషన్‌కి మందు రాసే డాక్టర్‌కి టామాక్సిఫెన్ వాడుతున్నామని తప్పకుండా చెప్పండి. పారోక్సెటిన్, ఫ్లూక్సెటిన్ లాంటివి టామాక్సిఫెన్ ఒంట్లో పనిచేసే రూపంలోకి మారకుండా అడ్డుపడతాయి. వెన్లాఫాక్సిన్ లాంటి వేరే మందులున్నాయి. ఇప్పటికే వాటిలో ఏదైనా వాడుతుంటే మీ అంతట మీరు ఆపేయకండి, రెండు చీటీలూ పట్టుకెళ్లి ఆంకాలజిస్ట్‌కి చూపించండి.