పాత చైన్ సా సైలెన్సర్‌కు కన్నం పెట్టే ముందు: అపోహలు - వాస్తవాలు

సరుగుడు, జామాయిల్ కోతల్లో పాత మిషన్ లాగడం లేదనగానే వినిపించే సలహా ఒకటి ఉంది: "సైలెన్సర్‌కు ఇంకో కన్నం పెట్టించు, కత్తిలా కోస్తుంది." అందులో నిజం సగమే. మిగతా సగం పెట్రోలునూ గాలినీ కలిపే కార్బొరేటర్‌లో ఉంది. దాన్ని వదిలేసినవాళ్లే పిస్టన్, సిలిండర్ కొత్తవి కొనుక్కుంటారు.

అపోహ: పాత మిషన్ కదా, సైలెన్సర్ ఎలాగూ ఇరుకుగానే ఉంటుంది.

చాలాసార్లు సంగతి తిరగబడి ఉంటుంది. చిన్న ఇంజన్లకు పొగ నిబంధనలు కాలిఫోర్నియాలో 1995లో, అమెరికా అంతటా 1997 మోడళ్ల నుంచి మొదలయ్యాయి. అంతకుముందు తయారైన చాలా మిషన్లకు సైలెన్సర్ కాస్త వదులుగానే ఉండేది. ద్వారం సన్నబడటం, కార్బొరేటర్ స్క్రూలకు తిరగకుండా టోపీలు పడటం ఎక్కువగా ఆ తర్వాతి కథ. కాబట్టి కన్నం వల్ల లాభం ఎంతో మీ మోడల్‌ను బట్టి ఉంటుంది. లోపల ఇరుకుగా ఉన్నదానికి తేడా చేతికి తెలుస్తుంది, వదులుగా ఉన్నదానికి మోత తప్ప ఏమీ పెరగదు.

పాత మిషన్ బలం తగ్గిందంటే ముందు చూడాల్సినవి వేరే: మొద్దుబారిన చైన్, దుమ్ము పట్టిన ఎయిర్ ఫిల్టర్, సైలెన్సర్ ద్వారంలో నిప్పురవ్వలను ఆపే, మసితో పూడిన జాలీ, ఎగ్జాస్ట్ పోర్టు (సిలిండర్ నుంచి పొగ బయటికి పోయే ద్వారం) అంచున గట్టిపడిన కార్బన్. జాలీని విడిగా తీసి గ్యాస్ మంటపై ఎర్రగా కాల్చి, చల్లారాక వైరు బ్రష్‌తో రుద్దితే మసి రాలిపోతుంది. పోర్టు గీకేటప్పుడు తాడు మెల్లగా లాగి పిస్టన్‌ను పూర్తిగా పైకి తేవాలి. అప్పుడు పిస్టన్ గోడ పోర్టును మూసేస్తుంది, మసి లోపల పడదు. గీకడానికి కర్ర పుల్ల చాలు. స్క్రూడ్రైవర్‌తో గీకితే పిస్టన్‌పై గీత పడుతుంది.

సైలెన్సర్ ఊడదీసినప్పుడే పోర్టులోంచి టార్చి వేసి పిస్టన్ చూడండి. నిలువు గీతలు కనిపిస్తే కన్నం ఆలోచన అక్కడే మానేయాలి. ఎగ్జాస్ట్ వైపు గీతలంటే పెట్రోలు చాలక వేడెక్కిందని, ఇన్‌టేక్ (గాలి, పెట్రోలు లోపలికి వచ్చే) వైపు గీతలంటే ఫిల్టర్ దాటి దుమ్ము వెళ్లిందని అర్థం. గీతలు లేకపోయినా పాత మిషన్‌కు క్రాంక్ సీళ్లు (ఇంజన్ ఇరుసు పక్కల నుంచి గాలి చొరబడకుండా ఆపే రబ్బరు రింగులు), కార్బొరేటర్ వెనక రబ్బరు గొట్టం పరీక్షించాలి. పోర్టులు మూసి 0.5 బార్ గాలి ఎక్కిస్తే 20 సెకన్లు నిలవాలి, వ్యాక్యూమ్ పరీక్ష కూడా చేయాలి. దొంగ గాలి పీల్చే ఇంజన్ ఏ ట్యూనింగ్‌కూ లొంగదు.

అపోహ: టూ స్ట్రోక్‌కు బ్యాక్ ప్రెషర్ (పొగకు సైలెన్సర్ ఇచ్చే ఎదురొత్తిడి) ఉండాలి, తగ్గిస్తే బలం పోతుంది.

ఇది యమహా ఆర్‌ఎక్స్ 100 బైకు కాలం నుంచి వస్తున్న మాట. ఆ బండి సైలెన్సర్ లోపలి ఆకారమే వేరు. పొగ అల వెనక్కి తన్ని, బయటికి పోబోయే పచ్చి పెట్రోలు గాలిని మళ్లీ సిలిండర్‌లోకి నెట్టేలా దాని పొడవు, వాలు లెక్కగట్టి చేస్తారు. చైన్ సా సైలెన్సర్ ఉత్త రేకు డబ్బా, అందులో ఆ లెక్కేమీ లేదు. దారి కొంత తెరిస్తే కాలిన పొగ తొందరగా పోతుంది, తాజా మిశ్రమానికి చోటు దొరుకుతుంది. అలాగని డబ్బా మొత్తం పీకేస్తే తాజా మిశ్రమమూ బయటికి పోతుంది, మంట నేరుగా బయటికి కొడుతుంది.

అపోహ: కన్నం ఎంత పెద్దదైతే అంత బలం.

పనిచేసేవాళ్లు పాటించే లెక్క: బయటి ద్వారాల మొత్తం విస్తీర్ణం సిలిండర్ ఎగ్జాస్ట్ పోర్టులో 70 నుంచి 80 శాతం. అది దాటితే మోత పెరుగుతుంది, బలం పెరగదు. ఉదాహరణకు పోర్టు 26 మి.మీ. వెడల్పు, 14 మి.మీ. ఎత్తు అనుకుందాం. మూలల గుండ్రం తీసేస్తే సుమారు 340 చ.మి.మీ. అందులో 75 శాతం 255. ఇప్పటికే 10 మి.మీ. కన్నం ఉంటే అది 78. ఇంకో 15 మి.మీ. కన్నం పెడితే 177 కలిసి లెక్క సరిపోతుంది. జాలీ తీగలు దారిలో కొంత మూసేస్తాయి కనుక జాలీ ముక్క కన్నం కంటే బాగా పెద్దదిగా ఉండాలి, దానికీ కన్నానికీ మధ్య కాస్త ఖాళీ వదలాలి.

అన్నిటికంటే ముందు డబ్బా లోపల చూడండి. లోపలి అడ్డుగోడకే చిన్న చిల్లులుంటే, బయట ఎంత పెద్ద కన్నం పెట్టినా దండగే.

అపోహ: డ్రిల్లు ఉంటే పది నిమిషాల పని.

డబ్బాను మిషన్ మీద ఉంచి డ్రిల్లు వేయకూడదు. ఒక్క ఇనుప పొట్టు పోర్టులో పడినా సిలిండర్ గోడ చెడుతుంది. విప్పి, కన్నం వేసి, అంచులు ఆకురాయితో నున్నగా చేసి, పెట్రోలుతో కడిగి ఆరబెట్టి, గాలి కొట్టి బిగించాలి. పొగ ముందుకు, మిషన్‌కు దూరంగా పోయేలా రేకు గొట్టమో మూతో అతికించాలి. అది ఇత్తడి వెల్డింగో, మామూలు వెల్డింగో కావాలి. టంకం, ఎపాక్సీ జిగురు ఆ వేడికి నిలవవు. పొగ ప్లాస్టిక్ కవర్ మీదికో, ముందు హ్యాండిల్ వైపో, చైన్ ఆయిల్ ట్యాంకు వైపో తిరిగితే కవర్ కరుగుతుంది, చేయి కాలుతుంది. స్టిల్ 044, 066 లాంటి వాటికి రెండు ద్వారాల ముందుమూతలు తయారుగానే దొరుకుతాయి. దొరికిన చోట అదే మేలు.

కొత్త ద్వారానికీ జాలీ తప్పదు. జాలీ కన్ను సుమారు 0.6 మి.మీ. ఎండాకాలం అడవి అంచున ఎండుటాకుల మీద జాలీ లేని మిషన్ నడపడమంటే నిప్పు పెట్టడమే.

అపోహ: కన్నం పెట్టాక అలాగే వాడుకోవచ్చు.

మిషన్లు పోయేది ఇక్కడే. దారి తెరిస్తే ఇంజన్ ఎక్కువ గాలి లాగుతుంది, పెట్రోలు అదే నిష్పత్తిలో పెరగదు. కొత్తలో మిషన్ చురుగ్గా అనిపిస్తుంది, దాన్నే బలం అనుకుంటారు. కొన్ని ట్యాంకులు గడిచేలోపే పిస్టన్ పట్టేసే ప్రమాదం ఉంది. ఇథనాల్ ఎక్కువున్న ఇప్పటి పెట్రోలుకు ఇంకాస్త ఇంధనం కావాలి కనుక ముప్పు ఇంకా దగ్గరగా ఉంటుంది.

ఇంజన్ వేడెక్కాక, శుభ్రమైన ఫిల్టర్‌తో సరిచేయాలి. మొదట ఎల్ స్క్రూ (తక్కువ వేగంలో పెట్రోలును సరిచేసేది), తర్వాత చైన్ తిరగకుండా, ఇంజన్ మాత్రం ఆగిపోకుండా ఉండేలా స్లో స్క్రూ, చివర హెచ్ (ఫుల్ రేస్‌లో పెట్రోలును సరిచేసేది). మామూలుగా హెచ్ స్క్రూను ఎనిమిదో వంతు నుంచి పావు చుట్టు వరకు ఎడమకు విప్పాల్సి వస్తుంది. ఫుల్ రేస్ రెండు మూడు సెకన్లు ఇచ్చి వినండి. ఖాళీగా ఉన్నప్పుడు శబ్దం కొంచెం గరగరలాడాలి, కోతలో పడగానే శుభ్రం కావాలి. ఖాళీగానే సన్నగా కేక పెడితే పెట్రోలు చాలడం లేదు, వెంటనే ఇంకాస్త విప్పండి. కొన్ని మోడళ్లలో వేగం హద్దు దాటకుండా ఇగ్నిషన్ కాయిల్ రేస్‌ను అడ్డుకునేటప్పుడూ అలాంటి గరగరే వస్తుంది. చెవిని నమ్మి మోసపోకుండా టాకోమీటర్ (ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో కొలిచే మీటర్) పెట్టి, మాన్యువల్‌లోని గరిష్ఠ ఆర్‌పీఎం దాటనివ్వకండి. రేస్ వదిలాక స్లోకు దిగడానికి ఆలస్యమైతే, ప్లగ్ తెల్లగా కనిపిస్తే ప్రమాదమే. లేత గోధుమ రంగుంటే సరే.

హెచ్ స్క్రూయే లేని, జెట్ (పెట్రోలు వచ్చే సన్న రంధ్రమున్న ముక్క) మార్చలేని కార్బొరేటర్లు చిన్న మిషన్లలో ఉన్నాయి. వాటి సైలెన్సర్ జోలికి పోవద్దు.

అపోహ: కన్నం పెట్టాం కాబట్టి ఆయిల్ ఎక్కువ కలపాలి.

ఆయిల్ పెంచితే అదే మిశ్రమంలో పెట్రోలు తగ్గుతుంది, మసి పెరుగుతుంది. కంపెనీ 50:1 అంటే లీటరుకు 20 మి.లీ., 25:1 అంటే 40. అంతే.

అపోహ: మోత పెరిగిందంటే బలం పెరిగినట్టే.

ఒకే దుంగకు, ఒకే పదునున్న చైన్‌తో, ముందూ తర్వాతా గడియారం పెట్టి అడ్డకోత కోసి చూడండి. తేడా తెలియకపోతే మీరు సంపాదించింది మోతే. మిషన్ మోత ముందే వంద డెసిబెల్స్ పైమాట. ఇయర్ మఫ్ లేకుండా పట్టుకోవద్దు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఒక మాట: పొగ నియంత్రణ కింద సర్టిఫై అయిన మిషన్‌లో ఈ మార్పు అక్కడి చట్టం ఒప్పుకోదు. ఎవరికైనా సరే, బిగించిన మొదటి ట్యాంకు అయ్యాక, చల్లారనిచ్చి సైలెన్సర్ బోల్టులు మళ్లీ ఒకసారి బిగించండి. వేడికి అవి వదులవుతాయి, గ్యాస్కెట్ దగ్గర పొగ కారితే పోర్టు అంచు కాలుతుంది.