జాబితాలో పేరుంది, సమావేశానికి పిలుపు లేదు: వరంగల్ వార్డు కమిటీల వెనుక కథ

గ్రేటర్ వరంగల్‌లో 66 డివిజన్లు (చట్టం భాషలో వార్డులు). 2019 తెలంగాణ మున్సిపాలిటీల చట్టం ప్రకారం ఒక్కో డివిజన్‌కు నాలుగు వార్డు కమిటీలు ఉండాలి: యువజనులది ఒకటి, మహిళలది ఒకటి, వయోవృద్ధులది ఒకటి, ప్రముఖ పౌరులది ఒకటి. ఒక్కో కమిటీలో 15 మంది. లెక్కేస్తే 3,960 మంది. జీతం లేకుండా, ఎన్నికల్లో నిలబడకుండా నగరానికి సలహా చెప్పాల్సినవాళ్లు వీళ్లు. మీ గల్లీలో ఆ సలహాదారు ఎవరని అడిగి చూడండి. చాలామంది కార్పొరేటర్ పేరు చెప్పి ఊరుకుంటారు. కొన్నిచోట్ల జాబితాలో తన పేరున్న సంగతి ఆ మనిషికే తెలియదు.

దీన్ని జనం ఉదాసీనత అని కొట్టిపారేయడం తేలిక. కానీ ఈ కమిటీలు పుట్టిన తీరు చూస్తే వేరే సంగతి కనిపిస్తుంది. అడిగినవాళ్లకు చోటివ్వడానికి వేసిన కమిటీలు తక్కువ. ఏదో ఒక చట్టం చెప్పిందనో, నిధులకు షరతు పెట్టారనో, పది రోజుల కార్యక్రమం వచ్చిందనో వేసినవే ఎక్కువ. సభ్యుణ్ని ఎవరు ఎంచుకుంటారన్న ప్రశ్నకు మాత్రం ప్రతిసారీ దాదాపు ఒకటే జవాబు: పైవాళ్లు.

వరంగల్ మున్సిపాలిటీ 1899 నాటిది. అప్పటి నిజాం పాలనలో పట్టణవాసి చేయగలిగింది అర్జీ పెట్టుకోవడమే. ఎన్నికైన కౌన్సిళ్లు వచ్చాక కూడా ఓటుకూ ఓటుకూ మధ్య పౌరుడికి చట్టం ఇచ్చిన చోటేమీ లేదు. ఆ చోటు మొదట 74వ రాజ్యాంగ సవరణలో కనిపిస్తుంది. 1992 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించింది, 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అప్పుడు ప్రధాని పి.వి.నరసింహారావు, నర్సంపేట దగ్గరి లక్నేపల్లిలో పుట్టిన మనిషి. 3 లక్షలు, ఆపైన జనాభా ఉన్న మున్సిపాలిటీల్లో వార్డు కమిటీలు ఉండాలని 243ఎస్ అధికరణం చెప్పింది. వరంగల్ 1991 లెక్కల్లోనే 4 లక్షలు దాటింది, 1994లో కార్పొరేషన్ అయింది. కాబట్టి మొదటి రోజు నుంచే ఇది మనకు వర్తించే మాట.

కిటుకంతా ఆ అధికరణం రాసిన తీరులో ఉంది. కమిటీ 'ఒకటి లేక అంతకన్నా ఎక్కువ వార్డులకు' ఉండొచ్చంది. అందులో ఎవరుండాలో రాష్ట్రాల చట్టానికి వదిలేసింది. వార్డు ప్రతినిధి మాత్రం తప్పకుండా ఉండాలంది. మామూలు పౌరుడు ఉండి తీరాలని ఎక్కడా అనలేదు. కొన్ని వార్డులను కలిపి, వాటి కార్పొరేటర్లనే కూర్చోబెట్టి కమిటీ అన్నా రాజ్యాంగం తప్పిందనడానికి వీల్లేదు.

2005 డిసెంబరులో కేంద్రం నగరాల అభివృద్ధికి నిధులిచ్చే జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం పథకం తెచ్చింది. డబ్బు కావాలంటే ప్రజల భాగస్వామ్యానికి చట్టం చేయాలని షరతు పెట్టింది. వార్డు కిందికి దిగి, అందులోని చిన్న ప్రాంతం ఓటర్లంతా కూర్చునే 'ఏరియా సభ' అన్న మాట అప్పుడే వినిపించింది. ఉమ్మడి రాష్ట్రం చట్టాలు సవరించింది. అసలు పెద్ద నిధులు వచ్చే నగరాల జాబితాలో హైదరాబాద్, విశాఖపట్నం, విజయవాడ ఉన్నాయి గానీ వరంగల్ లేదు. డబ్బు రాని చోట ఏరియా సభలు వేయమని తొందరపెట్టేవాళ్లు ఉంటారా?

చుట్టుపక్కల 42 గ్రామాలను కలుపుకున్న నగరం 2015లో గ్రేటర్ వరంగల్ అయింది. దీన్ని విస్తీర్ణం లెక్కల్లో చెప్పుకుంటారు గానీ పోగొట్టుకున్నదాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. హసన్‌పర్తి, మడికొండ, మామునూరు లాంటి ఊళ్లలో అంతకుముందు గ్రామసభ ఉండేది. అది నడిచిందా, కాగితం మీదే నడిచిందా అన్నది వేరే ముచ్చట. ఓటరైన ప్రతి మనిషికీ అందులో కూర్చునే హక్కుంది, ఎవరూ నామినేట్ చేయక్కర్లేదు. ఊరు నగరంలో కలవగానే ఆ హక్కు పోయింది. దాని జాగాలో వచ్చిన వార్డు కమిటీలో కూర్చోవాలంటే జాబితాలో పేరుండాలి.

2016 మేలో వరంగల్ స్మార్ట్ సిటీకి ఎంపికైంది. ఆ మిషన్ మార్గదర్శకాల్లో నగర స్థాయి సలహా వేదిక ఒకటుంది. కలెక్టర్, ఎంపీ, ఎమ్మెల్యేలు, మేయర్, సాంకేతిక నిపుణులు, స్థానిక యువకులతో పాటు కాలనీ సంక్షేమ సంఘం, పన్ను చెల్లింపుదారుల సంఘం, మురికివాడల సమాఖ్య లాంటి వాటి నుంచి ప్రతినిధులు ఉండాలి. కన్వీనర్ ఎవరంటే స్మార్ట్ సిటీ కంపెనీ సీఈఓ. సలహా ఎవరికి చెప్పాలో ఆయనే సమావేశం పిలవాలి, ఎజెండా రాయాలి. 2025 మార్చి 31తో మిషనే ముగిసింది.

ఇక 2019 చట్టం. జీహెచ్‌ఎంసీని (హైదరాబాద్ కార్పొరేషన్‌ను) వదిలి రాష్ట్రంలోని మిగతా మున్సిపాలిటీలు, కార్పొరేషన్ల కోసం చేసింది ఇది. 2020 ఫిబ్రవరి 24 నుంచి మార్చి 4 దాకా జరిగిన పట్టణ ప్రగతి అనే ప్రభుత్వ కార్యక్రమంలో వార్డు కమిటీల పేర్లు చకచకా రాశారు. మంచిదే. పది రోజుల్లో వార్డుకు 60 పేర్లు కావాలంటే మాత్రం ఎవరి ఫోన్‌లో ఉన్న నంబర్లు వాళ్లు రాసిస్తారు. వరంగల్‌లో ఇప్పటి 66 డివిజన్లకు ఎన్నిక జరిగింది 2021 ఏప్రిల్ 30న. కౌన్సిల్ మారితే జాబితా కూడా కొత్తగా రాయాల్సిందే.

కమిటీలో చేరాలనుకునేవాళ్లు ముందు పేర్ల గందరగోళం వదిలించుకోవాలి. కో-ఆప్షన్ సభ్యులు (జనం ఓటు లేకుండా కౌన్సిల్ చేర్చుకునేవాళ్లు) వేరు: వాళ్లు కౌన్సిల్‌లోనే కూర్చుంటారు, మాట్లాడతారు, ఓటు ఉండదు. 2024లో వచ్చిన ఇందిరమ్మ కమిటీలు ఇళ్ల లబ్ధిదారుల కోసం. మోరీలు, చెట్లు, చెత్త, వీధి దీపాల సంగతి మాట్లాడేది వార్డు కమిటీయే. అర్జీలో 'కమిటీ సభ్యత్వం కోరుతూ' అని మాత్రమే రాస్తే అది ఏ బల్ల మీదా నిలవదు. డివిజన్ నంబరు, నాలుగింటిలో ఏ కమిటీ, ఓటరు జాబితాలో వరుస సంఖ్య, మీకు తెలిసిన పని ఏమిటి అన్నవి ఒక పేజీలో రాసి, కార్పొరేటర్‌కు ఒక ప్రతి, కమిషనర్ పేరిట ఇన్‌వార్డులో (అర్జీలు తీసుకునే చోట) ఒక ప్రతి ఇచ్చి, మీ దగ్గరి ప్రతి మీద ముద్ర, నంబరు వేయించుకోవాలి. నోటిమాటగా చెప్పింది జాబితా రాసే రోజున ఎవరికీ గుర్తుండదు.

లోపలికి వెళ్లాక ఎక్కువమంది తప్పు చేసేది అంశం రాయడంలో. 'మా కాలనీల మోరీలు తీస్తలేరు' అంటే అందరూ తలలూపుతారు, అక్కడితో సరి. ఒక నమూనా చూడండి: రేషన్ దుకాణం నుంచి కల్వర్టు దాకా 120 మీటర్ల మోరీ, అడుగున్నర వెడల్పు, అడుగు మందం పూడిక. కల్వర్టు కింద మంచినీళ్ల పైపు అడ్డంగా పోయింది, చెత్త అక్కడే తట్టుకుంటోంది. రెండు ఇళ్ల ముందు ర్యాంపులు మోరీని మూసేశాయి. ఇది చూడ్డానికి ఒక్క సమస్యే, ఆఫీసులో మాత్రం మూడు. పూడిక శానిటరీ ఇన్‌స్పెక్టర్‌ది, పైపు ఇంజినీరింగ్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్)ది, ర్యాంపు టౌన్ ప్లానింగ్‌ది. మూడూ ఒకే వాక్యంలో ఇరికిస్తే ముగ్గురూ 'మాది కాదు' అంటారు, ముగ్గురిదీ నిజమే అవుతుంది. మూడు అంశాలుగా రాయాలి.

పూడిక లెక్క కూడా కట్టాలి. పై మోరీలో దాదాపు 17 ఘనపు మీటర్ల మట్టి ఉంటుంది. ట్రాక్టర్ ట్రాలీలో 3 ఘనపు మీటర్లు పడుతుందనుకుంటే ఐదారు ట్రిప్పులు. ఒక్క ట్రిప్పే పంపితే మిగిలింది గట్టు మీదే ఉంటుంది, మొదటి వానకే మళ్లీ మోరీలో పడుతుంది. 'పూడిక తీయాలి' అన్నప్పుడు 'మరునాటికల్లా ఎత్తాలి' అన్నది కూడా అంశంలోనే ఉండాలి. ఈ పని మేలోనే అడగాలి. 2020 ఆగస్టులో, 2023 జులైలో హంటర్ రోడ్డు, నయీంనగర్ వైపు ఇళ్లలోకి నీళ్లొచ్చాక నాలాల మీద చర్చకు కొదవ లేకుండా పోయింది. వానలు మొదలయ్యాక చేసేది సహాయమే, పూడికతీత కాదు.

సమావేశంలో జరిగింది రాసే మినిట్స్ పుస్తకం భాష కూడా నేర్చుకోవాలి. 'చర్చించడమైనది' అంటే ఏమీ జరగదు. 'పరిశీలించవలసిందిగా కోరడమైనది' అంటే ఎవరో ఎప్పుడో చూస్తారు. 'తీర్మానించడమైనది' అని రాసి, పక్కన అధికారి హోదా, గడువు తేదీ ఉంటేనే అది కదిలే కాగితం. హాజరు సంతకం సమావేశం మొదట్లోనే తీసుకుంటారు. ఆ సంతకం కింద తర్వాత ఏం రాశారో చూడకుండా ఇంటికి పోతే, మీరు వద్దన్నది కూడా మీ సమ్మతితోనే జరిగినట్టుంటుంది. లేచేముందు మీ అంశం ఏ మాటతో ముగిసిందో చదివి, ఫోన్‌లో ఫొటో తీసుకోండి.

2019 చట్టంలో కోరలున్న విషయం ఒకటుంది: మొక్కలు. వార్డులో నాటినవాటిలో 85 శాతం బతకాలి, లేకపోతే వార్డు ప్రతినిధి పదవికే ముప్పు. పట్టణ బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించాలి. 400 నాటితే 340 నిలవాలన్నమాట. లెక్క జులైలో పెడితే అన్నీ పచ్చగానే ఉంటాయి, మే నెలలో పెట్టాలి. ట్రీగార్డులు లెక్కపెట్టొద్దు, వాటిలో సగం ఖాళీగా ఉండొచ్చు. గుంతవారీగా, వీధివారీగా రాయాలి. ఈ పని చేసే సభ్యుడు కార్పొరేటర్‌కు అంతగా నచ్చడు. ఆయన్ను జాబితాలో పెట్టిందీ ఆ కార్పొరేటరే. అసలు ఇబ్బంది అక్కడుంది.

దీనికి భిన్నంగా నడవాల్సిన కమిటీ ఒకటుంది, పట్టణ విక్రయ కమిటీ. 2014 వీధి వ్యాపారుల చట్టం కింద వచ్చింది. అధ్యక్షుడు కమిషనరే, కానీ సభ్యుల్లో కనీసం 40 శాతం వీధి వ్యాపారులు, వాళ్లను వాళ్లే ఎన్నుకోవాలి. అందులో మూడోవంతు స్త్రీలు. స్వచ్ఛంద, సామాజిక సంస్థలకు కనీసం 10 శాతం. తోపుడుబండి నడిపే మనిషి అక్కడ ఎవరి దయతోనో కూర్చోడు, తనను పంపిన బండ్లవాళ్లకే జవాబుదారీ. ఆ 10 శాతం కోటా మీద ఆసక్తి ఉన్న సంఘాలు ముందు రిజిస్ట్రేషన్ కాగితాలు, ఆడిట్ లెక్కలు సరిచూసుకుంటే మంచిది. చాలా సంఘాలు రెన్యువల్ దగ్గరే పడిపోతాయి.

జాబితా ఎక్కడుందో తెలియకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. ఏయే బోర్డులు, కమిటీలు సలహా కోసం ఏర్పడ్డాయి, వాటి సమావేశాలకు జనం రావచ్చా, మినిట్స్ చూడొచ్చా అన్నది అడగకుండానే బయటపెట్టాలని 4(1)(బి) నిబంధన చెబుతుంది. పెట్టకపోతే కార్పొరేషన్ పౌర సమాచార అధికారికి 10 రూపాయల రుసుముతో దరఖాస్తు ఇవ్వాలి. 30 రోజుల్లో జవాబు రావాలి, నకళ్లకు పేజీకి 2 రూపాయలు. 'వార్డు కమిటీలు పనిచేస్తున్నాయా?' అని అడగొద్దు, దానికి 'పనిచేస్తున్నాయి' అనే రాస్తారు. ఫలానా నంబరు డివిజన్‌లో నాలుగు కమిటీల సభ్యుల జాబితా, దాన్ని ఆమోదించిన తీర్మానం నంబరు, తేదీ, గత రెండేళ్లలో జరిగిన ప్రతి సమావేశం హాజరు పట్టీ, మినిట్స్ నకళ్లు ఇవ్వండి అని అడగాలి.