ఋషికుల్య మొగలో చేప కార్జానికి ముప్పు ఎటు నుంచి?

ఒడిశాలో ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోటు, అంటే మొగ, ఉన్న గంజాం తీరంలోని తెలుగు మత్స్యకార పల్లెల్లో చేపల జబ్బు మాట వస్తే అనుమానం ముందుగా ఇసుక మీదికే పోతుంది. అందుకు కారణం లేకపోలేదు. తూర్పు కనుమల రాళ్లు అరిగి నదుల వెంట తీరానికి చేరాక, అలలు తేలిక రేణువులను ఊడ్చుకుపోగా బరువైన ఖనిజాలు ఒడ్డున మిగిలాయి. వాటిలో టైటానియం ఖనిజమైన ఇల్మనైట్‌తో పాటు, రేడియేషన్ వెలువరించే థోరియం ఉన్న మోనజైట్ కూడా ఉంది. 1980ల్లో ఛత్రపురం దగ్గర ప్రభుత్వ సంస్థ ఇండియన్ రేర్ ఎర్త్స్ ఈ ఇసుకను తవ్వి శుద్ధి చేయడం మొదలుపెట్టింది. అయితే ఆ రేడియేషన్ తవ్వకంతో పుట్టింది కాదు, ఇసుకతో పాటే వచ్చింది.

ఛత్రపురం ఒడ్డున గాలిలో కొలిచిన రేడియేషన్ మోతాదు గంటకు 375 నుంచి 5,000 నానోగ్రేల దాకా ఉంది (గ్రే అంటే పీల్చుకున్న రేడియేషన్‌కు కొలత; పది లక్షల నానోగ్రేలు ఒక మిల్లీగ్రే). ప్రపంచ సగటు 60కి అటూ ఇటూ. గరిష్ఠాన్నే లెక్కలోకి తీసుకున్నా రోజుకు 0.12 మిల్లీగ్రే అవుతుంది. రోజుకు 10 మిల్లీగ్రేలు మించకపోతే జలచరాల మొత్తం జనాభాకు హాని ఉండదని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 1992లో అంచనా వేసింది. పైగా చేప ఉండేది నీటిలో, ఇసుక దిబ్బ మీద కాదు. తీవ్రమైన రేడియేషన్ తగిలినా, అరుదుగా విభజన చెందే కాలేయ కణాల కంటే ముందు దెబ్బతినేది చేప మూత్రపిండంలో రక్తం తయారయ్యే కణజాలం. శుద్ధి కర్మాగారాల నుంచి వచ్చే నీటి మీద నిఘా ఉండాల్సిందే. కానీ కార్జానికి హాని వెతకాల్సిన చోటు వేరు.

హుమ్మా ఉప్పుమడులకు దగ్గరలో, గంజాం పట్టణం పక్కన, 1960ల్లో కాస్టిక్ సోడా కర్మాగారం వచ్చింది. ఉప్పునీటిలోకి విద్యుత్తు పంపి సోడా తీసే ఆనాటి పద్ధతిలో పాదరసమే ఒక ధ్రువం. అందులో కొంత వ్యర్థాలతో పాటు బయటికి పోయేది. ఈ పరిసరాల్లో పాదరస కాలుష్యాన్ని బరంపురం విశ్వవిద్యాలయ పరిశోధకులు ఏళ్ల తరబడి పరిశీలించారు. మొగ బురదలోని సూక్ష్మజీవులు పాదరసాన్ని మిథైల్ పాదరసంగా మారుస్తాయి. అది నాచు నుంచి చిన్న చేపకు, దాని నుంచి పండుగప్పకు చేరుతూ మెట్టుమెట్టుకూ చిక్కబడుతుంది.

కాలేయం మొదట పోరాడుతుంది. మెటలోథయోనిన్ అనే ప్రోటీన్‌ను తయారుచేసి లోహాన్ని బంధిస్తుంది. ఆ శక్తి చాలనప్పుడు ఏమవుతుందో సూక్ష్మదర్శిని కింద కనిపిస్తుంది. కార్జాన్ని మైనంలో పొదిగి, మిల్లీమీటరులో రెండు వందల్లో ఒక వంతు మందాన కోసి రంగులు అద్దుతారు. ఆరోగ్యంగా ఉంటే గులాబీ రంగు కణాల మధ్య నీలి కేంద్రకాలు గుండ్రంగా, స్పష్టంగా ఉంటాయి. దెబ్బతిన్న దానిలో కణాల నిండా కొవ్వు బుడగలు, ముడుచుకున్న కేంద్రకాలు, ఉబ్బిన రక్తనాళికలు, గోధుమ రంగు గుంపులుగా చేరిన భక్షక కణాలు (చెత్తను మింగే రక్షక కణాలు) కనిపిస్తాయి. ఒక్క ముక్కను చూసి ఇది పాదరసమే అని తేల్చలేం. పురుగుమందులూ ఇలాంటి గాయాలే చేస్తాయి. అందుకే కణజాలంతో పాటు బురదనూ, మాంసాన్నీ పరీక్షించాలి.

2012 నాటికి పాదరస పద్ధతిని మానుకోవాలని 2003లో దేశంలోని పరిశ్రమలతో ఒప్పందం కుదిరింది. పాదరస వాడకాన్ని తగ్గించే అంతర్జాతీయ మినమాటా ఒప్పందాన్ని భారత్ 2018లో ఆమోదించింది. ఇవి మంచి అడుగులే. అయితే బురదలో దిగిన పాదరసం కాగితాల మీది గడువుతో పోదు. మొగలో పూడిక తీస్తే అది మళ్లీ నీటిలో కలుస్తుంది. కాబట్టి పూడిక తీసే ముందే బురదలో పాదరసం ఎంతుందో కొలవాలి. ఆ ఫలితాన్ని ఒడియాతో పాటు తెలుగులోనూ పల్లెల్లో అందరికీ కనబడేలా అంటించాలి.