కొండెక్కే బండికి హైడ్రోజన్ సాయపడుతుందా?

అలిపిరి నుంచి తిరుమలకు దాదాపు 700 మీటర్ల ఎత్తు. మనుషులతో కలిపి టన్నున్నర బరువున్న కారు ఆ ఎత్తు ఎక్కాలంటే దాదాపు 3 యూనిట్ల కరెంటుతో సమానమైన శక్తి కావాలి. స్పార్క్ ప్లగ్ ఇంజిన్ ఇంధనంలోని శక్తిలో పావు వంతే చక్రాలకు ఇస్తుందనుకుంటే, ఎత్తు ఎక్కడానికే లీటరుకు పైగా పెట్రోలు అయిపోతుంది. ఆ పొగంతా చేరేది శేషాచలం అడవిలోకి. అందుకే సీఎన్‌జీలో హైడ్రోజన్ కలిపితే ఏమవుతుందన్నది తిరుపతిలో అడగాల్సిన ప్రశ్నే.

18 శాతం హైడ్రోజన్ కలిపిన సీఎన్‌జీని బండ్లలో వాడేందుకు కేంద్రం 2020లో అనుమతిచ్చింది. అదే ఏడాది ఢిల్లీలో 50 బస్సులతో ప్రయోగం కూడా మొదలైంది. అయితే ఆ 18 శాతం ఘనపరిమాణం లెక్క. ఒక ఘనమీటరు హైడ్రోజన్‌లో ఉండే శక్తి, సీఎన్‌జీలో ప్రధానంగా ఉండే మీథేన్ అంతే తీసుకుంటే అందులో ఉండే శక్తిలో మూడో వంతు కూడా కాదు. లెక్క వేస్తే మిశ్రమంలో హైడ్రోజన్ ఇచ్చే శక్తి 6 శాతం దగ్గరే ఆగుతుంది. కార్బన్ డయాక్సైడ్ నేరుగా తగ్గేదీ దాదాపు అంతే.

అసలు లాభం మంటలో ఉంది. మీథేన్ మంట సెకనుకు 40 సెంటీమీటర్ల వేగంతో పాకితే, హైడ్రోజన్ మంట 2 మీటర్లు దాటుతుంది. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటేనే అంటుకుంటుంది. హైడ్రోజన్‌కు ఆ హద్దులు 4, 75. కాబట్టి కాస్త హైడ్రోజన్ చేరితే చాలు, గాలి ఎక్కువగా ఉన్న పలుచని మిశ్రమం కూడా తడబడకుండా మండుతుంది. మంట సిలిండర్ గోడకు ఇంకా దగ్గరగా వెళ్తుంది గనుక మండకుండా మిగిలే ఇంధనం తగ్గుతుంది. కార్బన్ మోనాక్సైడ్ తగ్గుతుంది, మైలేజీ కొంత పెరుగుతుంది.

చిక్కు నైట్రోజన్ ఆక్సైడ్లతో. మంట వేడి పెరిగేకొద్దీ గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కలిసిపోయి ఈ విషవాయువులు పుడతాయి. ఇంజిన్ సెట్టింగు మార్చకుండా హైడ్రోజన్ కలిపితే ఇవి పెరుగుతాయి. స్పార్క్ కొంచెం ఆలస్యం చేసి, మిశ్రమాన్ని బాగా పలుచన చేస్తే తగ్గుతాయి. కానీ పలుచన చేస్తే ఇంజిన్ బలం తగ్గుతుంది. పైగా హైడ్రోజన్ సిలిండర్‌లో గాలి చోటును ఆక్రమిస్తుంది. ఘాట్ రోడ్డు మలుపుల్లో పూర్తి బలం కావాల్సిన చోటే ఈ ఉపాయం చాలదు. లీలామహల్ సర్కిల్ దగ్గర ఆగి ఆగి కదిలే ఆటోలకు మాత్రం చక్కగా పనికొస్తుంది.

ఇక హైడ్రోజన్ ఎక్కడిదన్నది నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద విషయం. సహజవాయువు నుంచి తీస్తే కిలోకు 9 కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్ ఫ్యాక్టరీ దగ్గరే గాలిలో కలుస్తుంది. సౌరవిద్యుత్తుతో నీటి నుంచి తీస్తే ఆ బెడద లేదు గానీ, కిలోకు 50 యూనిట్లకు పైగా కరెంటు కావాలి. ఆ కిలోలో మిగిలే శక్తి 33 యూనిట్లు, ఇంజిన్‌లో మండాక చక్రానికి చేరేది ఎనిమిదో, పదో. ఇప్పటికే కొండకు తిరుగుతున్న ఎలక్ట్రిక్ బస్సుల్లో అదే కరెంటు నింపితే 35 యూనిట్లకు పైగా చక్రానికి అందుతాయి. దిగేటప్పుడు బ్రేకుల నుంచి కొంత శక్తి బ్యాటరీకి తిరిగి వస్తుంది కూడా.