ఫెర్న్‌ల పేర్లు ఎందుకు మారుతూనే ఉంటాయి?

ఎండబెట్టిన మొక్కలను దాచే పాత హెర్బేరియంలో ఫెర్న్ నమూనా అట్ట ఒకటి బయటికి తీస్తే, ఎండిన ఆకు పక్కన ఒకదాని కింద ఒకటి అతికించిన పేరు చీటీలు తరచూ కనిపిస్తాయి. స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లినేయస్ 1753లో పాలిపోడియం పారాసైటికం అని పేరు పెట్టిన మొక్కనే తీసుకోండి. తర్వాతి వాళ్లు దాన్ని ఆస్పిడియం అన్నారు, నెఫ్రోడియం అన్నారు, డ్రయోప్టెరిస్ అన్నారు. ఇంకొందరు థెలిప్టెరిస్‌లో, సైక్లోసోరస్‌లో చేర్చారు. ఇప్పుడు ఎక్కువగా వినిపించే పేరు క్రిస్టెల్లా పారాసైటికా. ఇన్ని మార్పుల్లోనూ వదలకుండా వెంట వచ్చింది రెండో మాట ఒక్కటే. తీరా చూస్తే తప్పు ఉన్నది అందులోనే. ఈ మొక్క పరాన్నజీవి కాదు, నేలలో వేళ్లూని తన తిండి తానే తయారు చేసుకుంటుంది.

ఇన్నిసార్లు పేరు మార్చడం శాస్త్రవేత్తల చాదస్తం అనుకునేవాళ్లు ఉన్నారు. నేను అలా అనుకోను. ఒక్కో చీటీ వెనుక ఒక్కో కాలపు ప్రశ్న ఉంది. ఈ మొక్కకు దగ్గరి చుట్టం ఎవరు, ఆ సంగతి దేన్ని చూసి తెలుసుకోవాలి అన్నదే ఆ ప్రశ్న. దానికి జవాబు రెండున్నర శతాబ్దాల్లో చాలాసార్లు మారింది.

లినేయస్ పూల భాగాలను లెక్కపెట్టి మొక్కలను వర్గాలుగా విడదీశాడు. పూలే లేని వాటన్నిటినీ ఇరవై నాలుగో తరగతిలో, క్రిప్టోగేమియాలో పెట్టాడు. పునరుత్పత్తి రహస్యంగా జరుగుతుందని ఆ పేరుకు అర్థం. ఫెర్న్‌లలో లెక్కపెట్టడానికి కేసరాలు లేవు కాబట్టి ఆకు తిప్పి చూశాడు. అడుగున గోధుమ రంగు చుక్కలో గీతలో ఉంటాయి. ధూళిలాంటి సిద్ధబీజాలను దాచుకునే సంచుల, అంటే సిద్ధబీజాశయాల, గుంపులవి, వాటినే సోరస్‌లు అంటారు. గుండ్రటి చుక్కలుంటే పాలిపోడియం, పొడుగు గీతలుంటే ఆస్ప్లీనియం, ఆకు అంచు వెంబడి ఉంటే టెరిస్, అడుగంతా పరుచుకుని ఉంటే అక్రోస్టికం. ఇరవై లోపు ప్రజాతుల్లో, అంటే దగ్గరి జాతుల గుంపుల్లో, ఫెర్న్‌లన్నీ సర్దుకున్నాయి.

అదే పుస్తకంలో ఇంకో విశేషం ఉంది. ఈక్విసిటమ్ అనే గుర్రపుతోక మొక్కను లినేయస్ ఫెర్న్‌ల వరుసలో పెట్టాడు, పూలు లేని మరో చిన్న మొక్క లైకోపోడియంను మాత్రం నాచు మొక్కలతో (మాస్‌లతో) కలిపాడు. కారణాలు సరైనవి కావు. అయినా ఈక్విసిటమ్ ఫెర్న్‌లకు చుట్టమని, లైకోపోడియం వాళ్ల ఇంటిది కాదని 250 ఏళ్ల తర్వాత తేలింది. ఆకులూ వేళ్లూ లేని సైలోటం దగ్గర మాత్రం ఆయన పొరబడ్డాడు, దాన్ని లైకోపోడియంలోనే ఒక జాతిగా రాశాడు.

1793లో జేమ్స్ ఎడ్వర్డ్ స్మిత్ సోరస్ ఆకారంతో పాటు దాన్ని కప్పే పల్చటి పొరను, అంటే ఇండూసియంను, కూడా చూడాలన్నాడు. స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు ఓలాఫ్ స్వార్ట్జ్ ఆ దారినే నడిచాడు. పొర ఉంది కాబట్టి మన మొక్క పాలిపోడియం నుంచి ఆస్పిడియంకు మారింది. మొదటి చీటీ మీద రెండోది పడింది.

అప్పటికి ఫెర్న్ ఎలా పుడుతుందో కూడా సరిగా తెలియదు. జమైకాలో ఉన్న జాన్ లిండ్సే అనే వైద్యుడు ఆకు అడుగున రాలే ధూళిని, అంటే సిద్ధబీజాలను, మట్టిలో చల్లి, మొలకెత్తడాన్ని సూక్ష్మదర్శినిలో గమనించి, 1794లో ఆ సంగతి ప్రచురించాడు. ధూళి నుంచి నేరుగా ఫెర్న్ రాలేదు. ముందు వేలి గోరంత కూడా లేని పచ్చటి పొర ఒకటి వచ్చింది, దాని నుంచి ఫెర్న్ పైకి లేచింది. ఆ పొర ఏమిటో తేలడానికి మరో అర్ధ శతాబ్దం పట్టింది. 1844లో నెగేలి దాని మీద పురుష అవయవాలు చూశాడు, 1848లో లెష్చిట్స్-సుమిన్స్కీ స్త్రీ అవయవాలు చూపించాడు. 1851లో విల్‌హెల్మ్ హోఫ్‌మైస్టర్ అన్నిటినీ కలిపి ఒక కథగా చెప్పాడు.

హోఫ్‌మైస్టర్ దగ్గర కాసేపు ఆగాలి. జర్మనీలోని లైప్‌జిగ్‌లో సంగీత పుస్తకాలు అచ్చువేసే కుటుంబంలో పుట్టాడు. విశ్వవిద్యాలయంలో చదవలేదు, కుటుంబ వ్యాపారం చూసుకుంటూ తెల్లవారుజామున మొక్కలు కోసి చూసేవాడు. విపరీతమైన హ్రస్వదృష్టి. ఇరవై ఏడేళ్ల వయసులో ఆయన తేల్చిన విషయం ఇది: నాచులు, ఫెర్న్‌లు, లైకోపోడియంలు, చివరికి పైన్ చెట్లు కూడా రెండు తరాల మధ్య తిరుగుతూ బతుకుతాయి. ఒక తరం సిద్ధబీజాలనిస్తుంది, మరో తరం స్త్రీబీజాన్నీ పుంబీజాన్నీ ఇస్తుంది. నాచులో రెండోదే పెద్దది. ఫెర్న్‌లో అది ఆ పచ్చటి పొరగా మిగిలింది. విత్తన మొక్కల్లో ఇంకా కుంచించుకుపోయి, విత్తనంగా మారే అండం లోపల దాక్కుంది. డార్విన్ పుస్తకం రావడానికి ఎనిమిదేళ్ల ముందే, పరిణామం అన్న మాట ఎత్తకుండానే, భూమి మీది మొక్కలన్నిటినీ ఒకే వరుసలో నిలబెట్టాడు. వృక్షశాస్త్రంలో ఇంతకంటే అందమైన పని నాకు తెలియదు.

వర్గీకరణ మాత్రం ఇంకా ఆకు అడుగు దగ్గరే ఉంది. ప్రాగ్‌లో ప్రెస్ల్ ఈనెల అమరికను కూడా లెక్కలోకి తీసుకుని 1836లో ప్రజాతులను విపరీతంగా పెంచాడు. లండన్‌లోని క్యూ ఉద్యానవనంలో విలియం హుకర్, ఆయన తర్వాత జాన్ గిల్బర్ట్ బేకర్, కొన్ని పెద్ద ప్రజాతులే చాలన్నారు. ముక్కలు చేసేవాళ్లు, కలిపేవాళ్లు అన్న రెండు పక్షాలు అప్పుడే ఏర్పడ్డాయి, నేటికీ ఉన్నాయి. ఇంగ్లండ్‌లో ఫెర్న్‌లు సేకరించే పిచ్చి ప్రబలి, 1855లో చార్లెస్ కింగ్‌స్లీ దానికి టెరిడోమేనియా అని పేరు పెట్టిన కాలం కూడా ఇదే.

పరిణామాన్ని ఫెర్న్‌ల వర్గీకరణకు పునాదిగా చేసుకున్నవాడు గ్లాస్గోలో పనిచేసిన ఎఫ్. ఓ. బోవర్. 1923 నుంచి 1928 వరకు మూడు సంపుటాలు రాశాడు. సిద్ధబీజాశయం ఒకే కణం నుంచి పుట్టిందా, కణాల గుంపు నుంచి పుట్టిందా? ఒక సోరస్‌లోని ఆశయాలన్నీ ఒకేసారి పండుతాయా, వరుసగానా, కలగాపులగంగానా? ఇలాంటి ప్రశ్నలతో పాతదేదో కొత్తదేదో తేల్చడానికి పూనుకున్నాడు. అడుగంతా పరుచుకున్న అక్రోస్టికం తరహా అమరిక వేర్వేరు వంశాల్లో విడివిడిగా పుట్టిందని గట్టిగా చెప్పాడు. లినేయస్ ఒకే పేరు కింద కలిపినవి నిజానికి వేర్వేరు ఇళ్లవని దాని అర్థం.

అయినా పాలిపోడియేసి అనే కుటుంబం సంతలా మిగిలిపోయింది. ప్రపంచంలోని ఫెర్న్‌లలో అత్యధిక భాగం అందులోనే. 1940లో చైనా శాస్త్రవేత్త రెన్-చాంగ్ చింగ్ దాన్ని 33 కుటుంబాలుగా విడదీశాడు. ఆయన అంతకుముందు ఐరోపా హెర్బేరియంలలో వేల నమూనాలను చేత్తో పట్టుకుని చూసినవాడు. చాలామంది అది అతి అన్నారు. మన మొక్క విషయంలో ఆయన చూపు సూటిగా తగిలింది. ఆకు మీద సూదుల్లాంటి వెంట్రుకలు, కాడలో నీటినీ ఆహారాన్నీ మోసే నాళికా పుంజాలు రెండే ఉన్న వీటికి డ్రయోప్టెరిస్‌తో దగ్గరి సంబంధం లేదని, థెలిప్టెరిస్ బంధువర్గం వేరని ఆయన పట్టుకున్నాడు.

దానికి సాక్ష్యం క్రోమోజోమ్‌ల నుంచి వచ్చింది. లీడ్స్ విశ్వవిద్యాలయంలో ఐరీన్ మాంటన్ కణాలను గాజు పలక మీద నలిపి, విడివిడిగా పరుచుకున్న క్రోమోజోమ్‌లను లెక్కపెట్టే పద్ధతిని ఫెర్న్‌లకు వర్తింపజేసి, 1950లో పుస్తకం వేసింది. డ్రయోప్టెరిస్‌లో క్రోమోజోమ్‌ల మూల సంఖ్య, అంటే ఒక జట్టులోని సంఖ్య, 41. క్రిస్టెల్లాలో 36. సోరస్ ఒకేలా ఉన్నా లోపలి లెక్క వేరు. ఫెర్న్ జాతులు సంకరమై, క్రోమోజోమ్‌లు రెట్టింపై, కొత్త జాతులుగా స్థిరపడడం ఎంత మామూలో కూడా ఆ పుస్తకంతోనే తెలిసింది. 1954లో అమెరికాలో వారెన్ వాగ్నర్ అపలేచియన్ కొండల ఆస్ప్లీనియంలలో ఇదే చూపించాడు. అక్కడి జాతుల గందరగోళమంతా మూడు మూల జాతుల నుంచి అల్లుకున్న వల. ఆ మూడింటిలో ఒకటి, ఆకు కొన నేలను తాకిన చోటల్లా వేరు వేసి ముందుకు సాగే ఫెర్న్. దాన్ని అప్పటిదాకా వేరే ప్రజాతిగా లెక్కించేవారు. ఆస్ప్లీనియంలతో కలిసి సంతానం కంటున్న మొక్కను వేరే ఇంటి మనిషి అనడం కష్టమైంది.

ఇక లైకోఫైట్‌ల, అంటే లైకోపోడియం బంధువర్గం, సంగతి. పాఠ్యపుస్తకాలు చాలా కాలం పాటు లైకోపోడియం, సెలాజినెల్లా, ఈక్విసిటమ్, ఫెర్న్‌లు అన్నిటినీ టెరిడోఫైటా అన్న ఒకే గంపకెత్తాయి. సిద్ధబీజాలుంటాయి, నాళికా కణజాలం ఉంటుంది, విత్తనం ఉండదు. లేని లక్షణాన్ని బట్టి గుంపు కట్టడం ఎప్పుడూ ప్రమాదమే. రెక్కలు లేనివన్నీ చుట్టాలు కావు కదా. శిలాజాలు చూసేవాళ్లకు అనుమానం పాతదే. లైకోఫైట్ ఆకుకు ఒకే ఈనె, అది కాండం నాళికలో ఖాళీ వదలకుండా బయటికొస్తుంది. ఫెర్న్ ఆకు మరో దారిలో పుట్టింది. బొగ్గుగా మారిన కార్బానిఫెరస్ అడవుల్లో ముప్ఫై మీటర్లకు పైగా ఎదిగిన లెపిడోడెండ్రాన్‌లు లైకోఫైట్‌లే. వాటికి నేడు బతికున్న అతి దగ్గరి బంధువు నీటి అడుగున గడ్డి పరకల్లా కనిపించే ఐసోయిటిస్.

తీర్పు 1992లో వచ్చింది. లిండా రాబెసన్, రాబర్ట్ జాన్సెన్ హరితరేణువుల్లోని డీఎన్‌ఏను పోల్చారు. అందులో సుమారు 30,000 బేస్‌ల (డీఎన్‌ఏ అక్షరాల) పొడవున్న ఒక ముక్క ఫెర్న్‌లు, ఈక్విసిటమ్, సైలోటం, విత్తన మొక్కలన్నిటిలో తిరగబడి ఉంది. లైకోఫైట్‌లలో మాత్రం నాచు మొక్కల్లో ఉన్నట్టే పాత వరుసలో ఉంది. అంత పెద్ద ముక్క సరిగ్గా అదే చోట రెండుసార్లు తిరగబడే అవకాశం దాదాపు లేదు. అంటే నాళికలున్న మొక్కల్లో మొదటి చీలిక లైకోఫైట్‌లకూ మిగతా అన్నిటికీ మధ్య జరిగింది. ఫెర్న్‌కు లైకోపోడియం కంటే మామిడి చెట్టే దగ్గరి బంధువు. ఇది మొదటిసారి చదివినప్పుడు నేను పుస్తకం మూసి కొంతసేపు అలాగే కూర్చున్నాను.

2001లో కేథ్లీన్ ప్రయర్ బృందం ఇంకో అడుగు వేసింది. ఈక్విసిటమ్, సైలోటం, ఫెర్న్‌లు అన్నీ ఒకే పూర్వీకుడి సంతానమని, విత్తన మొక్కలకు సోదర శాఖ అని చూపించింది. సైలోటంను స్కాట్లండ్‌లోని రైనీ శిలల్లో దొరికిన తొలి నాళికా మొక్కలకు మిగిలిన ప్రతినిధి అని ఎంతోమంది నమ్మారు. అది నాగనాలుక లాంటి ఆకున్న ఓఫియోగ్లాసం వంశానికి దగ్గరిదని, వేళ్లూ ఆకులూ తర్వాత పోగొట్టుకుందని తేలింది. దాని చెల్లెలు లాంటి ట్మెసిప్టెరిస్‌లోని ఒక జాతి, న్యూ కాలెడోనియాలో పెరిగేది, దాదాపు 160 బిలియన్ బేస్ జతల జన్యురాశితో జీవులన్నిటిలో ఇప్పటిదాకా కొలిచినవాటిలో పెద్దదిగా 2024లో నమోదైంది.

ఫెర్న్‌లు పాత కాలపు మిగుళ్లన్న భావన కూడా ఇదే ఊపులో కదిలిపోయింది. నేటి ఫెర్న్‌లలో అత్యధిక జాతులున్న శాఖ పూల మొక్కల అడవులు విస్తరించాక, వాటి నీడలో కొమ్మలు వేసిందని 2004లో హెరాల్డ్ ష్నైడర్ బృందం చూపించింది. మసక వెలుతురును పసిగట్టే నియోక్రోమ్ అనే గ్రాహకం అందుకు తోడ్పడి ఉండవచ్చు. ఆ గ్రాహకపు జన్యువు ఫెర్న్‌లకు వంశపారంపర్యంగా రాలేదనీ, హార్న్‌వర్ట్‌లనే చిన్న మొక్కల నుంచి అడ్డంగా దాటి వచ్చిందనీ 2014లో మరో పరిశోధన చెప్పింది.

వంశవృక్షం ఇంత స్పష్టపడ్డాక పేర్ల గొడవ తగ్గాలి. తగ్గలేదు. చుట్టరికం తెలిసినా, ఎక్కడ గీత గీసి దీన్ని కుటుంబం అనాలో, ప్రజాతి అనాలో ప్రకృతి చెప్పదు. 2006లో అలన్ స్మిత్ బృందం ఫెర్న్‌లకు 37 కుటుంబాలు ఇచ్చింది. 2014లో మార్టెన్ క్రిస్టెన్‌హుస్, మార్క్ చేజ్ 21 చాలన్నారు. ఆస్ప్లీనియం, థెలిప్టెరిస్, బ్లెక్నం వంశాలన్నీ వాళ్ల లెక్కలో ఒకే పెద్ద కుటుంబం. రెండేళ్ల తర్వాత, 2016లో, టెరిడోఫైట్ ఫైలోజెనీ గ్రూప్ అన్న ఉమ్మడి పేరుతో 94 మంది కలిసి తెచ్చిన వర్గీకరణలో ఫెర్న్‌లకు 48 కుటుంబాలు, 319 ప్రజాతులు, 10,578 జాతులు. లైకోఫైట్‌లకు 3 కుటుంబాలు, 18 ప్రజాతులు, 1,338 జాతులు. పూల మొక్కల వాళ్లు ఇలాంటి ఉమ్మడి పద్ధతిని 1998లోనే మొదలుపెట్టారు.

నా మొగ్గు 2016 పట్టిక వైపే. పెద్ద కుటుంబం గుర్తుంచుకోవడానికి తేలికే. కానీ అడవిలో ఆకు తిప్పి చూసేవాడికి థెలిప్టెరిస్ వెంట్రుకలు వేలికి తగులుతాయి, బ్లెక్నం సోరస్ మధ్య ఈనె వెంట గీతలా కంటికి కనబడుతుంది. అలా గుర్తుపట్టగల గుంపుకు తన పేరు తనకు ఉండడమే మేలు. దీనికి ఎదురు వాదమూ బలమైనదే. సుమారు 6 కోట్ల ఏళ్ల కిందట విడిపోయిన సిస్టోప్టెరిస్, జిమ్నోకార్పియం ప్రజాతుల మధ్య పుట్టిన సంకరం ఫ్రాన్స్‌లోని పిరనీస్ పర్వతాల్లో దొరికింది. ప్రజాతుల మధ్య మనం గీసే గీతను మొక్కలు ఇంత తేలిగ్గా దాటగలిగితే, ఆ గీత ఇక్కడే ఉండాలని పట్టుబట్టడానికి ఆధారం ఏమిటి?

2016 పట్టికకు రెండో కూర్పు కోసం పరిశోధకులు మార్పులను ఒక్కొక్కటిగా ప్రతిపాదిస్తున్నారు, అందరూ చూసే చోట చర్చించి ఓటు వేస్తున్నారు. చీటీ మీద చీటీ ఇప్పుడు ఒక్కరి ఇష్టం మీద పడదు. తేలాల్సిన పెద్ద ముడులు కూడా మిగిలే ఉన్నాయి. మరాటియా అనే ఫెర్న్‌ల వంశం ఎక్కువ ఫెర్న్‌లున్న పెద్ద శాఖకు దగ్గరిదా, ఓఫియోగ్లాసం, సైలోటంలకు దగ్గరిదా అన్నదానికి హరితరేణువు జన్యువులు ఒక జవాబు చెబుతుంటే, కేంద్రక జన్యువులు మరో వైపు మొగ్గుతున్నాయి.