అన్నం మానేశారు సరే, మాత్ర సంగతి అడిగారా?

"మాత్ర మార్చలేదు బాబూ, తిండే కదా మార్చినాను."

బరంపురంలో డాక్టరుగా ప్రాక్టీసు పెట్టినప్పటి నుంచీ, షుగర్ దించుకోవాలని అన్నం మానేసినవాళ్ల నోట ఈ మాట వింటూనే ఉన్నాను. ఇచ్ఛాపురం నుంచి వచ్చినా, పర్లాకిమిడి నుంచి వచ్చినా ఇదే మాట.

అపోహ: తిండి తగ్గించుకోవడానికి డాక్టరుతో పనేంటి?

వాస్తవం: పిండిపదార్థం తగ్గిస్తే టైప్ 2 షుగర్ దిగుతుంది. తగ్గించమని నేనే చెబుతాను. కానీ గ్లిమెపిరైడ్ అనే షుగర్ మాత్ర వేసుకున్నాక, మీరు అన్నం తిన్నా తినకపోయినా అది క్లోమం నుంచి షుగర్ దించే ఇన్సులిన్‌ను తోడుతూనే ఉంటుంది. ఇన్సులిన్ సూది కూడా అంతే. మూడు పూటలా అన్నం తినే మనిషికని రాసిన డోసు అది. కంచంలో అన్నం తీసేస్తే ఆ డోసు ఎక్కువైపోతుంది. తిండి మార్చారంటే మందు మార్చినట్టే.

మొన్న చలికాలంలో ఒక పెద్దావిడను కొడుకు ఆటోలో తీసుకొచ్చాడు. వీడియో చూసి నాలుగు రోజులుగా అన్నం ముట్టలేదట. రెండు గుడ్లు, కాస్త కూర. పొద్దున్నే గ్లిమెపిరైడ్ మాత్రం తప్పలేదు. చెయ్యి పట్టుకుంటే చల్లగా, తడిగా ఉంది. జాకెట్టు వీపంతా చెమట. గ్లూకోమీటరులో 48. స్టీలు గ్లాసులో మూడు చెంచాల పంచదార కలుపుతుంటే కొడుకు నా చెయ్యి పట్టుకున్నాడు: "అమ్మకి షుగరండీ!" దారిలో ఆవిడ వణుకుతుంటే ఆ భయంతోనే ఏమీ పెట్టలేదు. అతన్ని తప్పుపట్టను, తీపి విషమని అందరం కలిసి నూరిపోశాం కదా. పదిహేను నిమిషాలకి 63. మళ్లీ పంచదార నీళ్లు, ఆ తర్వాత 96. అయినా సాయంత్రం దాకా పంపలేదు. ఆ మాత్ర ప్రభావం రోజంతా ఉంటుంది, షుగర్ మళ్లీ పడిపోవచ్చు.

షుగర్ 70 కంటే దిగితే ముందు తీపి పెట్టండి, మిగతావన్నీ తర్వాత. స్పృహ లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయకండి, ఆసుపత్రికి పరుగెత్తండి.

షుగర్‌ని మూత్రంలో బయటికి పంపే డాపాగ్లిఫ్లోజిన్ రకం మాత్రలు వాడేవాళ్లు ఇంకా జాగ్రత్త. వాటిమీద ఉండగా పిండిపదార్థం దాదాపు మానేస్తే కొవ్వు కరిగేటప్పుడు పుట్టే కీటోన్లనే ఆమ్లాలు రక్తంలో పెరిగి ప్రాణం మీదికి రావచ్చు. మీటరులో షుగర్ అంత ఎక్కువ కనిపించకపోవచ్చు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే ఆగకండి. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర ఒక్కటే వాడేవాళ్లకి ఈ భయాలు చాలా తక్కువ. అలాగని నెలరోజులు రీడింగు బాగుందని సొంతంగా ఆపేయకండి. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష చూశాకే ఆ మాట.

ఇక మిగతా అపోహలు. చపాతీ, చోడి (రాగి) అంబలి తింటే షుగర్ పెరగదా? వంద గ్రాముల బియ్యంలో పిండిపదార్థం దాదాపు 78 గ్రాములైతే గోధుమపిండిలో, చోడిపిండిలో 65 నుంచి 72 దాకా ఉంటుంది. పీచు కొంత మేలు చేస్తుంది, అంతే. ఎన్ని చపాతీలన్నదే లెక్క. ముఢీ (మరమరాలు) తేలికని గిన్నెడు తింటారు, అదీ బియ్యమే. పఖాలలో, అంటే నీళ్లలో నానబెట్టిన అన్నంలో, ఎన్ని నీళ్లు పోసినా అన్నం అన్నమే. రసగుల్లా పిండేసినా పాకం మొత్తం పోదు.

మా అమ్మ పర్లాకిమిడిలో ఉంటుంది. అన్నం మానెయ్యమంటే రెండు రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత ఇద్దరం కంచం ముందు కూర్చుని ఒప్పందానికి వచ్చాం: సగం కంచం కూరలు, ఒక పక్క చేపో పప్పో, అన్నం ఒకే గరిటె. గ్లిమెపిరైడ్ ముందు సగానికి తగ్గించాం, రెండు నెలలకి ఆపేశాం. రోజూ రీడింగు పాత క్యాలెండరు వెనక రాస్తుంది. పెళ్లిభోజనం చేసిన రోజు పక్కన చిన్న చుక్క పెడుతుంది, నేను అడక్కముందే చూపిస్తుంది.