మోకాలు పోతే ఆట పోయినట్టేనా? అపోహలు - వాస్తవాలు

మహబూబ్‌నగర్‌లో ఫిజియోథెరపీ చేస్తాను. నా దగ్గరికొచ్చే మోకాళ్ళలో ఎక్కువ భాగం కబడ్డీవే. కోస్గి, మక్తల్, నారాయణపేట వైపు నుంచి కుర్రాళ్ళు కుంటుకుంటూ వస్తారు. వాళ్ళకు నేను స్కీయింగ్‌లో, అంటే మంచు మీద జారే పందెంలో, ఆస్ట్రియా ఛాంపియన్ హెర్మన్ మాయర్ కథ చెబుతుంటాను. పాలమూరుకు మంచుతో పనేంటని నవ్వుతారు. ఆయన తాపీమేస్త్రీ అనగానే నవ్వు ఆగుతుంది. ఆ పనికి బొంబాయి బస్సెక్కని ఊరు మా వైపు తక్కువ.

అపోహ: ఛాంపియన్ అయ్యేవాడు చిన్నప్పుడే తేలిపోతాడు.

మాయర్ బక్కపిల్లాడు, పైగా మోకాళ్ళ నొప్పులు. 15 ఏళ్ళప్పుడు స్కీ అకాడమీ నుంచి ఇంటికి పంపేశారు. ఆ తర్వాత ఇటుకలు పేర్చాడు, చలికాలం స్కీయింగ్ నేర్పాడు. 1996 జనవరిలో సొంతూరు ఫ్లాఖావ్‌లో వరల్డ్ కప్ పోటీ జరిగితే, ట్రాక్ ఎలా ఉందో చూడటానికి ముందుగా దిగేవాళ్ళలో ఒకడిగా దిగాడు. లెక్కలోకి రాని ఆ పరుగుకు పట్టిన టైమ్ 12వ స్థానానికి సరిపోయేది! అప్పుడాయనకు 23 ఏళ్ళు. చివరికి 54 వరల్డ్ కప్ రేసులు గెలిచాడు.

అపోహ: మంచు మెత్తన, జారడానికి కాళ్ళతో పనేముంది?

రేసు ట్రాక్‌కు నీళ్ళు పట్టించి గడ్డకట్టిస్తారు. పడితే సిమెంటు గచ్చు మీద పడ్డట్టే. బడిలో సార్లు వేయించే గోడకుర్చీ గుర్తుందా? అలాంటిదే గోడ లేకుండా, దాదాపు రెండు నిమిషాలు, గంటకు 120, 130 కిలోమీటర్ల వేగంతో. 2013లో స్విట్జర్లాండ్‌లోని వెంగెన్‌లో ఫ్రాన్స్ స్కీయర్ జోహాన్ క్లారే 161.9 కిలోమీటర్ల వేగం అందుకున్నాడు.

అపోహ: దెబ్బను మొండిగా ఓర్చుకుంటే అదే తగ్గుతుంది.

దీనికి సాక్ష్యంగా నాకు చూపించేదీ మాయర్ వీడియోనే. 1998 ఫిబ్రవరి 13, నాగానో ఒలింపిక్స్. గాల్లోకి ఎగిరి, రక్షణ వలలు చీల్చుకుంటూ వెళ్ళి పడ్డాడు. మూడు రోజులకు సూపర్-జీ అనే స్కీయింగ్ పోటీలో బంగారు పతకం, ఆ తర్వాత జెయింట్ స్లాలమ్ అనే మరో పోటీలో ఇంకోటి. నిజమే. కానీ ఆ రోజు మోకాలికి, భుజానికి దెబ్బ తగిలిందే తప్ప లిగమెంట్, అంటే ఎముకల్ని కలిపి పట్టుకునే పట్టీ, తెగలేదు.

2001 ఆగస్టులో ఇదే మనిషికి మోటార్‌సైకిల్ ప్రమాదం జరిగింది. కాలు తీసేయాల్సి వస్తుందేమో అన్నంత పరిస్థితి. 2002 ఒలింపిక్స్ పోయాయి. మళ్ళీ వరల్డ్ కప్‌లో దిగింది 2003 జనవరిలో. అదే నెల ఆస్ట్రియాలోని కిట్జ్‌బ్యూల్‌లో గెలిచాడు. ఒకసారి మూడు రోజులు, ఒకసారి 17 నెలలు. మొండితనం రెండుసార్లూ ఒకటే, దెబ్బ వేరు.

అపోహ: ఎక్స్‌రేలో ఏం లేదు, నూనె రాసి కట్టు కడితే చాలు.

ఎక్స్‌రేలో ఎముక కనిపిస్తుంది, లిగమెంట్ కనిపించదు. టప్‌మని శబ్దం వచ్చి, గంటల్లోనే మోకాలు ఉబ్బితే లిగమెంట్ తెగిందేమోనని అనుమానించాలి. మర్దన చేయించుకుని నెల తర్వాత రావద్దు.

అపోహ: లిగమెంట్ ఆపరేషన్ అయి ఆరు నెలలైతే ఆడొచ్చు.

ఇక్కడ నా తప్పూ ఉంది. కొన్నేళ్ళ కింద ఒక కబడ్డీ రైడర్ సెలక్షన్స్ ఉన్నాయని బతిమాలాడు. చక్కగా పరుగెత్తుతున్నాడు కదా అని ఆరున్నర నెలలకే సరేనన్నాను. ఒంటికాలి పరీక్షలు సరిగా పెట్టలేదు. అదే మోకాలు మళ్ళీ పోయింది. ఇప్పుడు తొమ్మిది నెలల లోపు ఎవరికీ సరే అనను. ఆపరేషన్ అయిన కాలికి రెండో కాలి బలంలో కనీసం 90 శాతం రావాలి.

నెలలు లెక్కపెట్టినా సరిపోదు. అమెరికా స్కీయర్ లిండ్సే వాన్ మోకాలి లిగమెంట్లు 2013 ఫిబ్రవరిలో తెగాయి. తొమ్మిది నెలలకు, నవంబరులో ప్రాక్టీసులో పడి అదే మోకాలికి మళ్ళీ దెబ్బ. 2014 సోచి ఒలింపిక్స్‌కు వెళ్ళలేకపోయింది. అయినా 2015 జనవరిలో ఆస్ట్రియా స్కీయర్ అన్‌మారీ మోజర్-ప్రోల్ పేరు మీదున్న, మహిళల వరల్డ్ కప్‌లో 62 గెలుపుల రికార్డు దాటేసింది. మోకాలు పోతే ఆట పోతుందా అని అడిగేవాళ్ళకు ముందు ఈ 2015 చెబుతాను, తర్వాత ఆ నవంబరు కూడా చెబుతాను.

ఇప్పుడు నా దగ్గర ఏడో నెలలో ఉన్న కుర్రాడొకడు, నాకు చెప్పకుండా దసరా టోర్నమెంట్‌కు పేరిచ్చాడట. నిన్న వాళ్ళ నాయనకు ఫోన్ చేశాను.

"మంచిగనే నడుస్తుండు గద సార్?"

"నడుస్తాడన్నా. ఒక్కసారి ఆపరేషన్ కాలి మీద నిలబడి, నెమ్మదిగా సగం కూర్చుని లేవమను. నువ్వే చూడు."

కాసేపటికి తిరిగి ఫోన్ వచ్చింది. టోర్నమెంట్ మాట ఎత్తలేదు. మంగళవారం ఎన్నింటికి రావాలని అడిగాడు.